సై.డి.నా, పీహెచ్‌డీనా? అమెరికా క్లినికల్ సైకాలజీ శిక్షణ గురించి

ఉత్తరాంధ్ర_విద్యార్థి:
ఎం.ఏ. సైకాలజీ చివరి సెమిస్టరులో ఉన్నాను. థెరపీ, టెస్టింగ్ చేయాలనే ఉంది, పరిశోధన మీద అంత మోజు లేదు. అలాంటివాళ్లకు అమెరికాలో సై.డి. (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) మేలంటున్నారు. శిక్షణలో నిజంగా తేడా ఉంటుందా? ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లకు చిక్కులేమైనా ఉన్నాయా?

పాతకాపు:
తేడా ఉంది కానీ పేరు చూసి అనుకున్నంత కాదండి. క్లినికల్ సైకాలజీ శిక్షణ మీద జరిగిన 1949 బౌల్డర్ సదస్సు పరిశోధకుడూ ప్రాక్టీషనరూ ఒకరే కావాలంది, పీహెచ్‌డీది ఆ దారి. 1968లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం సై.డి. మొదలుపెట్టింది, 1973 వేయిల్ సదస్సు ఆ దారిని ఆమోదించింది. పరిశోధనను చదివి, తూచి, వాడగలిగితే చాలు, తయారుచేయడమే పని కానక్కర్లేదన్నది దాని సారం. అలాగని స్టాటిస్టిక్స్ తప్పదు. డిసర్టేషన్ కూడా చాలాచోట్ల ఉంటుంది, కాకపోతే కేస్ స్టడీనో, ఒక సేవా కార్యక్రమం మూల్యాంకనమో చాలంటారు. లైసెన్సుకు రాయాల్సిన ఈపీపీపీ పరీక్ష ఇద్దరికీ ఒకటే.

ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపున్న ప్రతి ప్రోగ్రామూ ఎన్నేళ్లు పడుతోంది, ఎంత ఖర్చు, ఎందరు మధ్యలో మానేశారు, ఎందరికి ఇంటర్న్‌షిప్ (డిగ్రీకి ముందు చేసే ఏడాది శిక్షణ) వచ్చింది అన్నవి తన వెబ్‌సైటులో పెట్టి తీరాలి. బ్రోషర్ పక్కన పెట్టి ముందు ఆ పట్టిక చూడండి. ఒక్కో బ్యాచిలో ఎందరిని చేర్చుకుంటున్నారో కూడా. బ్యాచి పెద్దదైతే ఊళ్లో ఉన్న కొద్ది ప్రాక్టికం (చదువుతూనే సూపర్‌విజన్‌లో చేసే క్లినికల్ శిక్షణ) సీట్లకు మీలో మీకే పోటీ.

గంటల_లెక్క:
ప్రాక్టికం గంటల్ని ఏ వారానికి ఆ వారం రాసుకోండి. ఇంటర్న్‌షిప్ దరఖాస్తులో థెరపీ, అసెస్‌మెంట్, సూపర్‌విజన్, సపోర్ట్ విడివిడిగా అడుగుతారు. ఒక గంటను ఒక్క ఖాతాలోనే వేయాలి. 45-50 నిమిషాల సెషన్ ఒక గంట. పన్నెండుమందితో రెండు గంటల గ్రూపు నడిపితే రెండు గంటలే, ఇరవైనాలుగు కాదు. నోట్స్ రాయడం సపోర్ట్ కిందికి పోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇంటిగ్రేటెడ్ రిపోర్టుల దగ్గర. కేస్ హిస్టరీ, ఇంటర్వ్యూ, కనీసం రెండు టెస్టులు కలిపి ఒకే నివేదికగా అల్లితేనే లెక్కకొస్తుంది. ఒక్క ఐక్యూ టెస్టు స్కోర్లు రాసిచ్చిన కాగితం రాదు. మొదటి రెండు ప్రాక్టికం సైట్లూ థెరపీవే ఎంచుకుంటే చివర్లో రిపోర్టులు చాలవు. రెండో ఏడు సైట్ ఎంచుకునేటప్పుడే టెస్టింగ్ ఎంత చేయిస్తారో అడగండి.

వీసా_సంగతులు:
ఎఫ్-1 వాళ్లకు అసలు ముడి ఇంటర్న్‌షిప్ ఏడాది దగ్గరే. అది సాధారణంగా ఫుల్‌టైమ్, పన్నెండు నెలలు. దాన్ని సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) మీద చేస్తే, ఆ చదువు స్థాయిలో ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు నిండితే ఓపీటీ (డిగ్రీ తర్వాత పనిచేసే అనుమతి) పోతుంది. చాలా రాష్ట్రాల్లో లైసెన్సుకు డిగ్రీ తర్వాత కూడా సూపర్‌విజన్‌లో పనిచేయాలి, అప్పుడు ఆ ఓపీటీయే దిక్కు. వారానికి ఇరవై గంటలు దాటని సీపీటీ ఈ లెక్కలోకి రాదు కాబట్టి ప్రాక్టికాన్ని ఆ లోపలే ఉంచుకోండి. ఇంటర్న్‌షిప్ తేదీలు ఖరారు చేసేముందు డీఎస్ఓతో (విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారితో) మాట్లాడండి.

ఇంకోటి, వీఏ (మాజీ సైనికుల ప్రభుత్వ విభాగం) ఆసుపత్రుల ఇంటర్న్‌షిప్‌లకు అమెరికా పౌరసత్వం కావాలి. చాలా పెద్ద సంఖ్యలో సీట్లు అక్కడివే, మీకవి లేనట్టే.

ఉత్తరాంధ్ర_విద్యార్థి:
ఖర్చు సంగతి?

పాతకాపు:
పరిశోధక విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. సై.డి.లో ఎక్కువచోట్ల ఫీజు మీదే, ఫెడరల్ రుణం విదేశీయులకు రాదు. పీహెచ్‌డీల్లోనూ ప్రాక్టీసుకు సమానంగా బరువిచ్చేవి ఉన్నాయి. మీరైతే వాటికీ దరఖాస్తు పెట్టాలి.