కరివేపాకు మొక్కపై పచ్చని పురుగులు: తీసివేయాలా, ఉంచాలా?

సందేహం: మా మేడపై కుండీలో ఉన్న కరివేపాకు మొక్కకు పురుగు పట్టింది. మొదట పక్షి రెట్టలా కనిపించినవే ఇప్పుడు వేలెడు పొడవున పచ్చగా మారి, లేత ఆకులన్నీ తినివేస్తున్నాయి. కదిలిస్తే తల వెనుక నుండి ఎర్రని కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతున్నాయి. పిల్లలకు ప్రమాదమా? వేపనూనె చల్లవచ్చునా? ఒక పురుగు నిన్నటి నుండి తిండి మాని, నీళ్ల విరేచనం చేసి, గోడ ఎక్కింది. దానికి జబ్బు చేసిందా?

సమాధానం: దానికి జబ్బేమీ లేదండీ. ప్యూపాగా (సీతాకోకచిలుక అయ్యే ముందు తినక, తిరగక గూటిలో ఉండే దశ) మారబోయే పురుగు కడుపులో మిగిలినదంతా ఖాళీ చేసుకొని, అనువైన చోటు కోసం మొక్కను విడిచి తిరుగుతుంది. దానిని పట్టి తిరిగి ఆకుపై పెట్టవద్దు. చోటు కుదిరాక తోక చివరను పట్టు దారంతో అతికించుకొని, నడుము చుట్టూ మరొక పోగు వేసుకొని, కాస్త వెనుకకు వాలి ఉండిపోతుంది.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇవి కామన్ మార్మన్ లేదా నిమ్మ సీతాకోకచిలుక పిల్లలై ఉంటాయి. రెండూ కరివేపాకు, నిమ్మ, మారేడు వంటి ఒకే కుటుంబపు మొక్కలపై గుడ్లు పెడతాయి. తల్లి ముందుకాళ్లతో ఆకును తట్టి, దాని రసాయనాలను రుచి చూసి, సరైన మొక్కేనని తేల్చుకున్న తరువాతే లేత ఆకుపై ఒక్కొక్క గుడ్డు చొప్పున పెడుతుంది. రెట్ట వేషం చిన్న పురుగులను పక్షుల కంటి నుండి కాపాడుతుంది. చివరిదైన అయిదవ దశలో అవి ఆకుపచ్చగా మారతాయి. అప్పుడు పైన కళ్లలా కనిపించే మచ్చలు నిజమైన కళ్లు కావు. అసలు తల వాటికి ముందు, కిందికి ముడుచుకొని ఉంటుంది. ఎర్రని కొమ్ములు చీమలను, చిన్న శత్రువులను తరమడానికి. వాటికి కుట్టే ముల్లు గాని విషం గాని లేవు కనుక పిల్లల విషయంలో భయపడవలసిన పని లేదు. తాకితే చేతులు కడిగించండి, చాలును.

వేపనూనె చల్లవద్దని నా గట్టి మనవి. ఏపుగా ఉన్న కరివేపాకు మళ్లీ చిగురిస్తుంది. మొక్క మరీ చిన్నదైతే కొన్ని పురుగులను మరొక కరివేపాకు మొక్కపైకి మార్చి, చిగుళ్లకు పలుచని వల కప్పండి. బజారు నుండి తెచ్చిన రెమ్మలు మాత్రం పెట్టవద్దు; వాటిపై మిగిలిన పురుగుమందుకు ఇవి చచ్చిపోవచ్చు. నిమ్మ నారుమడి పెంచే రైతు సంగతి వేరు. అక్కడ చేతితో ఏరివేయక తప్పదు.

మరొకరి సందేహం: మా కరివేపాకు మీది ప్యూపా నుండి నల్లని రెక్కలపై తెల్లని, ఎర్రని మచ్చలున్న సీతాకోకచిలుక వచ్చింది. ఇది క్రిమ్సన్ రోజ్ అని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: కాదండీ. క్రిమ్సన్ రోజ్ పురుగు ఈశ్వరి, గాడిదగడపాకు వంటి తీగలపై పెరుగుతుంది, కరివేపాకు ముట్టదు. మీ ఇంట పుట్టినది ఆడ కామన్ మార్మన్. క్రిమ్సన్ రోజ్ తాను తిన్న మొక్కల విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పక్షులు దాని జోలికి పోవు. ఏ విషమూ లేని మార్మన్ ఆడది ఆ వేషం ధరించి బ్రతుకుతుంది. ఈ జాతి ఆడవాటిలో కొన్ని మగదానిలాగే, కొన్ని కామన్ రోజ్ అనే మరొక సీతాకోకచిలుకలా, కొన్ని క్రిమ్సన్ రోజ్‌లా ఉంటాయి. ఇంత తేడాను డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు నడిపిస్తున్నదని 2014లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఈ జీవులలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే విషయం ఇదే. గుర్తుపట్టడానికి శరీరం చూడండి: క్రిమ్సన్ రోజ్‌ది ఎర్రగా, మార్మన్‌ది నల్లగా ఉంటుంది.

మొదటివారి సందేహం: గోడ మీది ప్యూపా నల్లబడింది. చనిపోయినట్లేనా?

సమాధానం: దగ్గరగా చూడండి. పలుచని పొర లోపల రెక్కల మచ్చలు కనిపిస్తే అది త్వరలో, చాలా వరకు ఉదయం పూటే, బయటకు వస్తుంది. అలా కాక ప్యూపా ఎండి, చిన్న గుండ్రని రంధ్రం ఉంటే పరాన్నజీవి కందిరీగ పిల్లలు లోపల తిని వెళ్లిపోయినట్లు. సీతాకోకచిలుక వచ్చినప్పుడు నలిగిన రెక్కలు సాగి ఆరేవరకు వేలాడనివ్వండి, ముట్టుకోవద్దు. ఆ సమయంలో కింద పడే గోధుమ రంగు చుక్కలు నెత్తురు కాదు, ప్యూపా దశలో పేరుకున్న వ్యర్థం మాత్రమే.