‘ఫోన్ రాబ్డ్’ అనొచ్చా? థెఫ్ట్, రాబరీ, బర్గ్లరీ, డెకాయిటీ తేడాలు

అశోక్‌నగర్‌లో ఉండి ఎస్సై పరీక్షకు చదువుతున్నాను. ప్రాక్టీస్ పేపర్లో ‘మై ఫోన్ వాజ్ రాబ్డ్ ఇన్ ద బస్’ అని ఇచ్చి తప్పు దిద్దమన్నారు. నాకైతే తప్పేం కనిపించలేదు. థెఫ్ట్, రాబరీ, బర్గ్లరీ, డెకాయిటీ దేనికి చూసినా డిక్షనరీలో దొంగతనం, దోపిడీ అనే ఉంది. ఎవరైనా విడమరిచి చెప్పండి.

—

తమ్ముడూ, నాంపల్లి కోర్టుల్లో ఫిర్యాదులు, వాంగ్మూలాలు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చడం నా పని. ఈ మాటలతో రోజూ పనే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆ వాక్యంలో తప్పు కర్మ దగ్గరుంది. స్టీల్ అనే క్రియకు కర్మ పోయిన వస్తువు. రాబ్‌కు కర్మ వస్తువు పోగొట్టుకున్న మనిషి, లేదా చోటు. ఫోన్‌ని స్టీల్ చేస్తారు, మనిషిని రాబ్ చేస్తారు, బ్యాంకును రాబ్ చేస్తారు. కాబట్టి ‘మై ఫోన్ వాజ్ స్టోలెన్’ అనాలి. ‘ఐ వాజ్ రాబ్డ్ ఆఫ్ మై ఫోన్’ అన్నా వ్యాకరణం సరిపోతుంది, కానీ బెదిరింపో దెబ్బో ఉంటేనే ఆ మాట వాడు. మనం తడబడేది మన ‘దోచు’ వల్ల. బ్యాంకును దోచారంటాం, నగలు దోచుకుపోయారనీ అంటాం. మన క్రియ రెండు కర్మలనూ మోస్తుంది, ఇంగ్లీషులో ఆ పని రెండు క్రియలు పంచుకున్నాయి.

రాబ్, ఒంటి మీద వేసుకునే రోబ్ ఒకే వేరు నుంచి వచ్చినవి. శత్రువు ఒంటి మీంచి ఒలుచుకున్న బట్ట ఆ రోబ్. తిరుపతి మొక్కుల్లో ‘నిలువుదోపిడి’ అంటాం చూడు, ఒంటి మీదున్న నగలన్నీ హుండీలో వేసేయడం. మొక్కు ఇష్టంతో ఇచ్చేది, రాబరీ బలవంతాన గుంజుకునేది. కానీ రెండింట్లోనూ ఖాళీ అయ్యేది మనిషే. ఇది గుర్తుంటే రాబ్‌కు కర్మ మనిషని మరిచిపోవు.

ఇక చట్టం సంగతి, ఎలాగూ నీ సిలబస్‌లో ఉంటుంది. బస్సు రద్దీలో నీకు తెలియకుండా జేబులోంచి ఫోన్ తీస్తే థెఫ్ట్, భారతీయ న్యాయ సంహిత 303. పొద్దున్నే వాకిట్లో ముగ్గేస్తున్న ఆవిడ మెడలో గొలుసు బండి మీదొచ్చి తెంపుకుపోతే స్నాచింగ్, 304. పాత ఐపీసీలో దీనికి విడిగా సెక్షన్ లేదు, 2024 జూలై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చాకే వచ్చింది. అదే గొలుసు కోసం కత్తి చూపినా, కొట్టినా, కదలనీయకుండా పట్టుకున్నా రాబరీ, 309. ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి రాబరీ చేస్తే డెకాయిటీ, 310. నలుగురైతే రాబరీతోనే ఆగుతుంది.

నాకు అసలు కష్టం ఇక్కడే. సాక్షి ‘ఓ నలుగురైదుగురు వచ్చిండ్రు సార్’ అంటాడు. మన మాటల్లో అది సహజం, లెక్కపెట్టి చెప్పింది కాదు. కానీ రాబరీకి మామూలుగా పదేళ్ల దాకా శిక్ష, డెకాయిటీకి యావజ్జీవం దాకా. ‘ఫైవ్’ అని రాసే హక్కు నాకు లేదు, ‘ఫోర్’ అని రాసే హక్కూ లేదు. ఆయన అన్నట్టే ‘ఫోర్ ఆర్ ఫైవ్’ అని రాసి వదిలేస్తాను. తేల్చాల్సింది కోర్టు.

బర్గ్లరీకి మన శిక్షాస్మృతిలో నిర్వచనం లేదు, అక్కడ మాట హౌస్‌బ్రేకింగ్. ‘ఇంట్లో దొంగలు పడ్డారు’, ‘కన్నం వేశారు’ అంటామే, అది. బర్గ్లరీ మనకు ఎక్కువగా కనిపించేది ఇన్సూరెన్స్ కాగితాల్లో. అక్కడ ఈ మాట డబ్బుతో ముడిపడి ఉంటుంది. పాలసీలో ‘బలప్రయోగంతో లోపలికి చొరబడి’ అని రాసి ఉంటే, తాళం పగలకుండా సరుకు మాయమైతే క్లెయిమ్ రాదని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. షాపు ఉన్నవాళ్లు ఒకసారి పాలసీ తీసి ఆ పేరా చదువుకోండి.

—

మా అపార్ట్‌మెంట్ సొసైటీలో ట్రెజరర్ మెయింటెనెన్స్ డబ్బు సొంతానికి వాడుకున్నారు. దాన్ని థెఫ్ట్ అనొచ్చా అండీ?

—

అనకూడదు మేడమ్. ఆ డబ్బు మీరే నమ్మి ఆయన చేతికిచ్చారు. ఇంగ్లీషులో ఎంబెజిల్ అంటారు, మన చట్టంలో క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్, సెక్షన్ 316. తెలుగులో ‘కాజేశాడు’ సరిగ్గా సరిపోతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అన్నది ఇలాంటివాళ్ల గురించే. దీనికీ కర్మ డబ్బే. ‘ఎంబెజిల్డ్ ద మనీ’ అనాలి, ‘ఎంబెజిల్డ్ ద సొసైటీ’ అనకూడదు.

—

అన్నా, డెకాయిటీ మన ‘డాకా’ నుంచే పోయిందా?

—

అవును, హిందుస్తానీ ‘డకైతీ’ నుంచి. లూట్, థగ్ కూడా ఇక్కణ్నుంచి ఇంగ్లీషులోకి పోయినవే. పాతబస్తీలో ‘డాకా పడా’ అంటే ఇప్పటికీ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

—

చివరగా ఒకటి. ఫిర్యాదులో ‘ఫోన్ పోయింది’ అని రాస్తే స్టోలెన్ అనాలా, లాస్ట్ అనాలా?

—

మన ‘పోయింది’లో రెండూ ఉన్నాయి తమ్ముడూ. ఊహించి రాయొద్దు, ఆ మనిషినే అడుగు. ‘జేబులకెల్లి తీసిండ్రు’ అంటే స్టోలెన్. ‘ఆటోల మర్చిపోయిన’ అంటే లాస్ట్. ‘ఏమో సార్, దిగినంక చూస్తే లేదు’ అంటే మిస్సింగ్ అని పెట్టి, ఆ మాటలు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయి.