సిట్టఫర్డ్ వలయంలో పడి ఉన్న రాళ్ళు: లేపి నిలబెట్టాలా, అలాగే వదిలెయ్యాలా?

ఎక్సెటర్ పిల్ల

పోయిన శనివారం నేనూ మా ఆయనా డార్ట్‌మూర్‌లో సిట్టఫర్డ్ రాతి వలయం చూసొచ్చాం. వేల ఏళ్ళ కిందటి మనుషులు గుండ్రంగా నిలబెట్టిన రాళ్ళవి. అప్పటి నుంచీ మా ఇంట్లో ఒకటే వాదన. ఎటూ తేలక ఇక్కడ పెడుతున్నాను.

ముందు చోటు సంగతి. డార్ట్‌మూర్ అంటే ఇంగ్లండ్ నైరుతి మూల, డెవన్‌లో ఉన్న గ్రానైట్ ఎత్తుభూమి. పైన చెట్లు దాదాపు ఉండవు. గడ్డి, నాచు, దాని కింద నల్లటి పీట్ నేల. మొక్కలు పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకుపోయిన తడి మట్టి అది. ఫెర్న్‌వర్తీ జలాశయం దగ్గర కారు ఆపి అడవిలోంచి నడిచాం. ఆ అడవి మధ్యలోనే ఫెర్న్‌వర్తీ వలయం ఉంది, మోకాలెత్తు రాళ్ళు పొందికగా నిలబడి. అడవి దాటి గేటు తీస్తే ఇక అంతా బయలే. కాస్త నడిస్తే గ్రే వెదర్స్, పక్కపక్కనే రెండు పెద్ద వలయాలు. ఆ పేరుకి అర్థం బూడిదరంగు పొట్టేళ్ళు అని. ఊరికి కొత్తగా వచ్చిన ఒక రైతుకి పొగమంచులో దూరం నుంచి ఈ రాళ్ళను చూపించి, గొర్రెల మంద అని చెప్పి అమ్మేశారని అక్కడి కథ.

ఈ రెండూ చాలామంది చూస్తారు. మేం వెళ్ళింది ఇంకా పైకి, సిట్టఫర్డ్ టార్ అనే గుట్ట అవతలికి. 525 మీటర్ల ఎత్తు. గడ్డి కుదుళ్ళు కుదుళ్ళుగా ఉంటుంది, చూసుకోకుండా అడుగేస్తే మడమ మెలిపడుతుంది. చేరామని ఫోన్ చెప్తోంది గానీ కంటికి ఏమీ లేదు. మా ఆయన ఆయాసంతో ఒక బండ మీద కూర్చున్నారు. నేను చుట్టూ చూస్తుంటే ఆయన కూర్చున్న బండకి కొంచెం ఎడంగా ఇంకో బండ కనిపించింది. దానికి అంతే ఎడంలో ఇంకోటి. అలా ఒక్కోదాని దగ్గరికీ నడుచుకుంటూ వెళ్తే చివరికి ఆయన దగ్గరికే వచ్చాను. అప్పుడు తెలిసింది, వలయం మొత్తం తిరిగొచ్చానని. ఒళ్ళు జలదరించింది.

అక్కడ నిలబడి ఉన్న రాయి లేదు. ముప్పై రాళ్ళూ పడుకునే ఉన్నాయి. వలయం అడ్డంగా 34 మీటర్లు. 2007లో స్థానిక పురావస్తు పరిశోధకుడు అలన్ ఎండకాట్ దీన్ని కనిపెట్టారు. లోకానికి తెలిసింది 2015లో. ఆ ఎత్తైన మూర్ (చెట్లు లేని బయలు ఎత్తుభూమి) మీద నూరేళ్ళ పైచిలుకు కాలంలో కొత్తగా దొరికిన మొదటి వలయం ఇదే.

మా ఆయన వాదన: గ్రే వెదర్స్ కూడా ఒకప్పుడు సగం పడిపోయినదే, 1909లో లేపి నిలబెట్టారు, అలాగే దీన్నీ లేపాలి, అప్పుడే ఇంత దూరం వచ్చినవాళ్ళకి ఏదైనా కనిపిస్తుంది. నా వాదన: ముట్టుకోవద్దు. రాళ్ళ కింది మట్టికి రేడియోకార్బన్ పరీక్ష (పాత మొక్కల, బొగ్గుల వయసు తేల్చే పరీక్ష) చేస్తే, ఇవి దాదాపు 4,000 ఏళ్ళ కిందటే పడ్డాయని తేలింది. అంటే నిలబడి ఉన్న కాలం కంటే పడుకుని ఉన్న కాలమే చాలా ఎక్కువ. మీరేమంటారు?

రాతిపనివాడు

మీ ఆయన మాటే నా మాట అమ్మా.

మాది వడ్డెర కుటుంబం. మా తాత, మా నాయన రాయి కొట్టి బతికారు. నేను ఇంగ్లండ్‌లోని రీడింగ్ అనే ఊళ్ళో సివిల్ ఇంజనీర్‌ని. రాయిని నిలబెట్టడం ఎంత కష్టమో మాకు తెలుసు. ముందు గుంత తవ్వాలి. ఒకవైపు ఏటవాలుగా తవ్వి రాయి మొదలు అందులోకి జార్చాలి. తర్వాత గడ్డపారలు, దుంగలు, మోకులు. కొంచెం లేపడం, కింద రాళ్ళు దోపడం, మళ్ళీ కొంచెం లేపడం. నిలబడ్డాక గుంత చుట్టూ చిన్న రాళ్ళు దట్టించి తొక్కాలి. ఒక్క రాయికి పది పదిహేను మంది చెమటోడ్చాలి. ముప్పై రాళ్ళు అలా నిలబెట్టినవాళ్ళు అవి పడిపోవాలని నిలబెట్టలేదు. వాళ్ళ పనికి మర్యాద ఇవ్వడమంటే దాన్ని తిరిగి నిలబెట్టడమే.

ఇది కొత్తగా చేసే పని కూడా కాదు. అదే డార్ట్‌మూర్‌లో డ్రిజిల్‌కూంబ్‌లో 4 మీటర్లకి పైన ఉండే నిలువురాయి ఉంది, మూర్ మొత్తంలో ఎత్తైనది. 1893లో పడి ఉన్నదాన్ని లేపారు. మొన్న వేసవిలో మా పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి ఫొటో తీశాను. ఇంగ్లండ్‌లో పేరుమోసిన రాతి వలయం స్టోన్‌హెంజ్‌లో 1797లో కూలిన మూడు రాళ్ళ ద్వారాన్ని 1958లో తిరిగి నిలబెట్టారు. దాన్ని మళ్ళీ పడగొట్టమని ఎవరైనా అడుగుతున్నారా?

ఓరుగల్లు బిడ్డ

హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం గుర్తొచ్చింది. పునాది కుంగిపోయి స్తంభాలు ఒరిగిపోతుంటే 2006లో మొత్తం విప్పేశారు. రాళ్ళకి నంబర్లు వేసి పక్కన పేర్చారు. ఏళ్ళ తరబడి ఆ రాళ్ళు అలా కుప్పలుగా పడి ఉంటే, గుడికి వెళ్ళినప్పుడల్లా కడుపు తరుక్కుపోయేది. మా అమ్మమ్మ ఆ కుప్పల వైపు చూసేది కాదు. 2024 మార్చిలో మండపం మళ్ళీ తెరిచారు, కానీ అది చూడటానికి ఆమె లేదు. పడి ఉన్న రాయిని చూసి "అదీ చరిత్రే" అనడం నాకు చేతకాదు. లేపాలి.

ఎక్సెటర్ పిల్ల

@ఓరుగల్లు బిడ్డ, మీ అమ్మమ్మ గారి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మండపం విషయంలో నాకూ రెండో ఆలోచన లేదు. కానీ అక్కడ విప్పినవాళ్ళే ఏ రాయి ఎక్కడిదో రాసుకున్నారు. ఫొటోలున్నాయి, కొలతలున్నాయి. పైగా అది ఇవాళ్టికీ మనం మొక్కే గుడి.

@రాతిపనివాడు అన్నా, స్టోన్‌హెంజ్ కూడా అంతే. 1797లో పడక ముందు అది ఎలా ఉండేదో గీసిన బొమ్మలు ఉన్నాయి. సిట్టఫర్డ్‌కి ఏముంది? అది నిలబడి ఉండగా చూసినవాళ్ళు ఒక్క అక్షరం కూడా రాసిపెట్టలేదు. ఏ చివర మొదలు, ఏ ముఖం లోపలికి తిరిగి ఉండేది, ఇవన్నీ మనం ఊహించి పెట్టాలి. అప్పుడది వాళ్ళ వలయం కాదు, మనది.

ఇంకో మాట. 4,000 ఏళ్ళ కిందట అక్కడ మనుషులు ఉన్నారు. సిట్టఫర్డ్‌కి కొద్ది మైళ్ళ దూరంలో వైట్‌హార్స్ హిల్ మీద ఒక రాతిపెట్టె సమాధిని 2011లో తవ్వారు. అది దాదాపు క్రీ.పూ. 1700 నాటిది. ఎవరో చిన్న వయసు మనిషి దహనం చేసిన ఎముకలు, ఎలుగుబంటి తోలు, అల్లిన బుట్ట, 200 పైగా పూసలు దొరికాయి. ఆ పూసల్లో అంబర్‌వి (రాయిలా గట్టిపడిన చెట్టు జిగురువి) కూడా ఉన్నాయి. ఆ మనిషి బతికిన నాటికే ఈ వలయం పడుకుని ఉంది. కావాలంటే వాళ్ళే లేపి ఉండేవాళ్ళు, చేతకానివాళ్ళు కాదు కదా. లేపలేదు. అసలు వాళ్ళో, వాళ్ళ తాతలో కావాలనే పడుకోబెట్టి ఉండొచ్చు కూడా. ముప్పైకి ముప్పై రాళ్ళూ పడటం మామూలు సంగతిలా నాకు అనిపించడం లేదు.

డెర్బీ నడక

నేను ఎక్సెటర్ పిల్ల గారి పక్షం. మా వైపు, డెర్బీషైర్‌లో స్టాంటన్ మూర్ పక్కన డాల్ టార్ అని ఆరు రాళ్ళ చిన్న వలయం ఉంది. 1993లో ఎవరో గుర్తు తెలియని మనుషులు వచ్చి, బాగుచేస్తున్నాం అనుకుంటూ రాళ్ళు కదిపి, వేరే రాళ్ళు తెచ్చి చేర్చారు. దాన్ని సరిచెయ్యడానికి పాత కట్టడాలు చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ వాళ్ళు 1994లో పని చెయ్యాల్సి వచ్చింది. ఆ కదిపినవాళ్ళు ఆకతాయిలు కారు. వాళ్ళకీ ఆ చోటంటే ప్రేమే. నాకు భయమేసేది అందుకే.

తెలిసినవాళ్ళు చేసినా తప్పు జరుగుతుంది. డార్ట్‌మూర్‌లోనే లేక్‌హెడ్ హిల్ మీది రాతిపెట్టెను పందొమ్మిదో శతాబ్దం చివర్లో తిరిగి కట్టారు. అసలు రూపం అది కాదని తర్వాతి పరిశోధకులు తప్పుపట్టారు. కానీ ఈ రోజుకీ అందరూ ఫొటో తీసుకునేది దాన్నే. తప్పుగా నిలబెట్టిన రాయి పడి ఉన్న రాయి కంటే ఎక్కువ అబద్ధం చెప్తుంది.

డార్ట్‌మూర్‌కి వెళ్ళేవాళ్ళు స్కోర్‌హిల్ వలయం చూడండి. దాన్ని అందరూ వదిలేశారు. కొన్ని నిలబడి, కొన్ని ఒరిగి, కొన్ని పడి ఉంటాయి. సాయంత్రం ఎండలో దాని అందమే వేరు.

పాలమూరు మట్టి

మీ అందరి మాటల్లో నా బాధ ఎవరికీ కనపడలేదు, అందుకని రాస్తున్నాను.

మా నారాయణపేట జిల్లాలో కృష్ణా నది ఒడ్డున ముడుమాల్ ఉంది. పన్నెండు పద్నాలుగు అడుగుల నిలువురాళ్ళు. మా వాళ్ళు నిలురాళ్ళు అంటారు. ఒక రాతి మీద సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలు ఉన్నాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. ఇన్ని వేల ఏళ్ళు అది ఎందుకు మిగిలింది? నిలబడి ఉంది కాబట్టి. కంటికి కనపడింది కాబట్టి జనం భయపడ్డారు, మొక్కారు, దాని చుట్టూ కథలు చెప్పుకున్నారు.

మా అమ్మమ్మ ఊళ్ళో చెలక పక్కన రాకాసి గుళ్ళు ఉండేవి. నేలకి అంటుకుని గుండ్రంగా పేర్చిన రాళ్ళు, మధ్యలో ఇనుప యుగం నాటి సమాధి. చిన్నప్పుడు వాటి మధ్య ఆడుకున్నాం. నేను డిగ్రీలో ఉండగా ఒక్క పూటలో జేసీబీతో తీసేసి చెలకలో కలిపేశారు. ఎవరినీ తిట్టలేను, అది చరిత్ర అని ఆ రైతుకి చెప్పినవాళ్ళే లేరు. నేల మీద పడుకున్న రాయి మా దగ్గర మిగలదు. డార్ట్‌మూర్‌లో చట్టం ఉంది, మ్యాప్ ఉంది, ఊరికి ఇద్దరు ముగ్గురైనా చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళు ఉంటారు. అలాంటిచోట పడుకోబెట్టి ఉంచగలరు. మాకు ఆ భాగ్యం లేదు. మా దగ్గరైతే నేను నిలబెట్టమనే అంటాను, కొంచెం తప్పుగా నిలబెట్టినా సరే.

రాతిపనివాడు

@పాలమూరు మట్టి తమ్ముడూ, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజం. మా ఊరి గుట్టలు కూడా క్వారీలకి పోయాయి. ఆ పని చేసిన చేతుల్లో మా వాళ్ళ చేతులూ ఉన్నాయి. ఈ మాట రాయడం నాకు తేలిక కాదు.

ఎక్సెటర్ పిల్ల గారూ, ఏ చివర మొదలో ఊహించాలన్నారు. రాయి తెలిసినవాడికి అంత ఊహ అక్కర్లేదు. భూమిలో ఉన్న భాగానికి, గాలివాన తగిలిన భాగానికి తేడా ఉంటుంది.

ఎక్సెటర్ పిల్ల

ఉంటుంది అన్నా, కానీ 4,000 ఏళ్ళు పడుకున్నాక? నిలబడి ఉన్నప్పుడు తగిలిన వాన కొన్ని వందల ఏళ్ళదే అయి ఉండొచ్చు. పడ్డాక పైముఖం మీద మొదలు నుంచి కొన దాకా అంతటా సమానంగా కురిసింది. కింది ముఖం చూడాలంటే రాయిని ఎత్తాలి. ఎత్తితే దాని కింద మూసి ఉన్న మట్టి పోతుంది. డార్ట్‌మూర్ మట్టిలో ఆమ్లం ఎక్కువ, మామూలు చోట్ల ఎముకలు మిగలవు. ఆ కాలంలో అక్కడ ఏ చెట్లుండేవో, ఎవరు నిప్పు పెట్టారో చెప్పేది ఆ మట్టిలోని పుప్పొడి, బొగ్గు నలుసులే. ఫెర్న్‌వర్తీలో, గ్రే వెదర్స్‌లో వలయం నేల మీద బొగ్గు దొరికిందని 1890ల్లో తవ్వినవాళ్ళు రాశారు. రేడియోకార్బన్ అప్పటికి లేదు కాబట్టి దాని వయసు వాళ్ళు తెలుసుకోలేకపోయారు. మనం ఇప్పుడు తొందరపడితే, యాభై ఏళ్ళ తర్వాత వచ్చేవాళ్ళు మన గురించీ ఇదే మాట అనుకుంటారు.

పాలమూరు మట్టి గారి మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మీ వైపైతే నేనూ నిలబెట్టమనే అంటానేమో.

డెర్బీ నడక

వైట్‌హార్స్ హిల్ సమాధిని తవ్వింది కూడా పీట్ కోసుకుపోయి పెట్టె బయటపడి, ఇక ఆగితే పోతుందనే కదా. ఏళ్ళ తరబడి దాన్ని అలాగే ఉంచాలని చూసి, కుదరకే తవ్వారు. నాకు అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. పోతుంది అనుకున్నప్పుడు చెయ్యి వెయ్యాలి, అంతవరకు కాపలా కాయాలి.

రాతిపనివాడు

నేను ఒక మెట్టు దిగుతాను. ముప్పై రాళ్ళూ లేపొద్దు, ఒక్కటీ లేపొద్దు. రాయి పక్కన, కిందకి పోకుండా, రెండడుగుల వెడల్పు తవ్వి చూస్తే పాత గుంత ఉందో లేదో తెలుస్తుంది. గుంత ఉండి, దట్టించిన చిన్న రాళ్ళు దానిలోనే ఉంటే, రాయి తనంతట తాను ఒరిగి పడింది. గుంతలోంచి ఆ చిన్న రాళ్ళు తీసేసి పక్కన పడేసి ఉంటే, ఎవరో విప్పి పడుకోబెట్టారు. మా నాయన పాత సరిహద్దు రాయి తీసిన చోటు చూసి, అది పడిందా పీకేశారా అని చెప్పేవాడు.

ఒకటి అడగాలి. రాళ్ళు పడిన తీరు చూశారా? లోపలికి పడ్డాయా, బయటికా, తలా ఒక దిక్కుకా? తనంతట తాను పడితే వాలు వైపుకి ఎక్కువ పడతాయి. మీ ఫొటోలు ఉంటే పెట్టండి.

ఎక్సెటర్ పిల్ల

ఈ ప్రశ్న అక్కడే తట్టి ఉంటే ఎంత బాగుండేది! ఫొటోలు ఉన్నాయి గానీ గడ్డి కమ్మేసి రాళ్ళ అంచులు కనపడటం లేదు. రాత్రి పెడతాను. చలికాలంలో గడ్డి ఎండి నేలకి అణిగిపోతుంది, అప్పుడు ఒక్కో రాయి దగ్గరా దిక్సూచి పెట్టి రాసుకొస్తాను. ముట్టుకోను, చూస్తానంతే. మా ఆయన కూడా వస్తానన్నారు, ఈసారి కూర్చోడానికి మడతకుర్చీ పట్టుకుని.

అన్నా, మీరు జనవరిలో రాగలరా? ఫెర్న్‌వర్తీ దాకా కారులో తీసుకెళ్ళే బాధ్యత మాది.

రాతిపనివాడు

వస్తాను. మా నాయన ఏప్రిల్ దాకా ఇక్కడే ఉంటాడు, ఆయనకి డెబ్బై రెండు. గేటు దగ్గర నుంచి ఎంత దూరం నడవాలో చెప్పండి.