డేర్‌డెవిల్ మొదటి రెండు ఎపిసోడ్లు: చూపు లేని మామయ్యకు ఎంత చెప్పాలి, ఎక్కడ ఆగాలి?

మేనల్లుడు:

మా మామయ్య ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్స్ చెప్పారు. నీటికాసుల వల్ల ఆరేళ్ళ క్రితం ఆయన చూపు పూర్తిగా పోయింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను విజయవాడలో వాళ్ళింటికి వెళ్ళి, భోజనాలయ్యాక ఏదో ఒకటి టీవీలో పెడతాను. ఆయన వింటారు, మాటలు లేనిచోట ఏం జరుగుతోందో నేను చెబుతాను. ఇంగ్లిష్‌లో దృశ్యాలను వివరించే ట్రాక్ ఉంటుందని చెప్పాను గానీ ఆయన ఒప్పుకోలేదు. "నువ్వే చెప్పు, తెలుగులో చెప్పు" అన్నారు.

పోయిన నెల ఆయనే అడిగారు: "చూపు లేని లాయరు ఒకడు రాత్రిళ్ళు ముసుగేసుకుని రౌడీలను కొడతాడటగా, అది పెట్టు." అలా 2015లో వచ్చిన డేర్‌డెవిల్ మొదలుపెట్టాం. రెండు ఎపిసోడ్లు అయ్యాయి. ఇప్పుడు నాకు రెండు సందేహాలున్నాయి.

మొదటిది రెండో ఎపిసోడ్ చివర్లో వచ్చే కారిడార్ పోరాటం గురించి. మ్యాట్ (ఆ లాయరే) అప్పటికే ఒళ్ళంతా గాయాలతో ఉన్నాడు. క్లెయిర్ అనే నర్సు చెత్తకుండీలో నుంచి తీసి కుట్లు వేస్తే బతికాడు. అదే రాత్రి ఎత్తుకెళ్ళిన పిల్లవాడి కోసం ఆ రౌడీల స్థావరానికి వెళతాడు. దాదాపు మూడు నిమిషాలు కెమెరా ఆ ఇరుకు నడవలోనే అటూ ఇటూ తిరుగుతుంది, షాట్ తెగినట్టే ఉండదు. నేను క్రికెట్ వ్యాఖ్యాతలా మొదలుపెట్టాను: ఇప్పుడు ఎడమ గదిలోకి వెళ్ళాడు, ఒకణ్ణి గోడకేసి కొట్టాడు, మైక్రోవేవ్ ఎగిరి వచ్చింది... అర నిమిషం గడిచిందో లేదో, మామయ్య నా చేతిమీద తట్టి "కాసేపు ఊరుకో అబ్బాయ్, నన్ను విననీ" అన్నారు. ఊరుకున్నాను. ఆ తర్వాత ఆయనకు ఏం అర్థమైందో, ఏం జారిపోయిందో నాకు తెలియడం లేదు. అడిగితే "బాగుంది" అన్నారు, అంతే.

రెండోది నన్ను ఎక్కువ బాధపెడుతోంది. మొదటి ఎపిసోడ్ చివర్లో మాటలు లేని దృశ్యాలు వరుసగా వస్తాయి. మ్యాట్ పాత జిమ్ములో సంచీని గుద్దుతుంటాడు. మధ్యమధ్యలో నగరంలోని దుర్మార్గం ఒక్కో ముక్కగా కనిపిస్తుంది. అందులో ఒకచోట మేడమ్ గావ్ అనే ముసలావిడ మాదకద్రవ్యం పొట్లాలు కట్టే గదిలో నడుస్తుంటుంది. అక్కడ పనిచేసే వాళ్ళందరూ చూపు లేనివాళ్ళు. నేను "ఒక గదిలో కొందరు పొడి పొట్లాలు కడుతున్నారు" అని మాత్రమే చెప్పి దాటేశాను. వాళ్ళ కళ్ళ సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయన పక్కనే కూర్చుని ఆ మాట అనలేకపోయాను.

నేను చేసింది తప్పా? మూడో ఎపిసోడ్‌కు ముందు ఈ విషయం తేల్చుకోవాలి.

చేతికర్ర:

తప్పే. మీ ప్రేమ అర్థమైంది కాబట్టే సూటిగా చెబుతున్నాను.

నాకు పన్నెండేళ్ళప్పుడు చూపు పోయింది. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. చిన్నప్పుడు ఆదివారం సాయంత్రం దూరదర్శన్‌లో వచ్చే సినిమాలను మా అక్క నాకు చెప్పేది. హీరో తల్లికి చూపు పోయే సినిమా అయితే ఆ సంగతి ఎత్తేది కాదు. పదేళ్ళ తర్వాత స్నేహితురాళ్ళు మాట్లాడుకుంటుంటే అసలు కథ తెలిసింది. అప్పుడు నాకు కలిగిన ఉక్రోషం ఇప్పటికీ గుర్తుంది. సినిమాలోని దుఃఖం నుంచి నన్ను కాపాడాలనుకుంది మా అక్క. కానీ గదిలో అందరికీ తెలిసినది నాకొక్కదానికే తెలియకుండా పోయింది.

పైగా మీరు దాటేసినది మామూలు ముక్క కాదు. అన్యాయం వినిపిస్తే ఊరుకోలేని చూపు లేని యువకుణ్ణి గంటసేపు చూపించి, చివర్లో అదే ఊళ్ళో చూపు లేని మనుషులను ఒక గదిలో కూర్చోబెట్టి వెట్టి చేయిస్తున్నట్టు చూపించారు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టారు. ఇది తెలియకపోతే మీ మామయ్య ఆ ఎపిసోడ్‌ను సగమే విన్నట్టు.

ఈ సీరియల్‌తో నాకు మరో అనుబంధం ఉంది. 2015 ఏప్రిల్ 10న పదమూడు ఎపిసోడ్లూ ఒకేసారి విడుదలైనప్పుడు వాటికి దృశ్య వివరణ ట్రాక్ లేదు. చూపు లేని హీరో కథను చూపు లేనివాళ్ళే అనుసరించలేని పరిస్థితి! అమెరికాలో ఎంతోమంది గట్టిగా అడిగారు. నాలుగు రోజుల్లో, ఏప్రిల్ 14న, నెట్‌ఫ్లిక్స్ ఆ సౌకర్యాన్ని ప్రకటించి, దీనితోనే మొదలుపెట్టింది. అప్పటికి ఆ సంస్థ మన దేశానికి రానేలేదు, 2016 జనవరిలో వచ్చింది. ఆ తర్వాత మొదటి ఎపిసోడ్‌ను ఆ ట్రాక్‌తో విన్న రోజు నేను పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోలేదు. తలుపు వేసుకుని ఒక్కదాన్నే విన్నాను. ఆ ఏకాంతం నాకు ఎంత విలువైనదో చెప్పలేను. మీ మామయ్య మీ గొంతే కావాలన్నారు, అది ఆయన ఇష్టం. అయితే ఆ గొంతు దేన్నీ దాచకూడదు.

నచ్చని సంగతి కూడా చెబుతాను. మ్యాట్‌కు వినికిడి, వాసన, స్పర్శ అంత అద్భుతంగా పనిచేస్తాయి కాబట్టి చూపు లేకపోవడం అతనికి దాదాపు అడ్డే కాదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు "మీకు మా అడుగుల చప్పుడును బట్టి మేమెవరో తెలిసిపోతుందా?" అని నన్ను అడుగుతుంటారు. తెలియదండీ. గొంతు వింటే తెలుస్తుంది. కానీ మ్యాట్ చేతికర్ర పట్టుకునే తీరు, ఎదుటివాళ్ళ కళ్ళవైపు కాకుండా మాట వచ్చే వైపు ముఖం తిప్పే తీరు సరిగ్గా ఉన్నాయని చూపున్న మిత్రులు చెప్పారు. ఆ పాత్ర వేసిన చార్లీ కాక్స్ అందుకోసం జో స్ట్రెచే అనే చూపు లేని శిక్షకుడి దగ్గర నేర్చుకున్నాడు. ఆ శ్రద్ధకు గౌరవం ఇస్తాను.

ఎఫెక్ట్స్ ట్రాక్:

మొదటి సందేహానికి నేను జవాబు చెబుతాను. హైదరాబాద్‌లో డబ్బింగ్ థియేటర్‌లో పద్దెనిమిదేళ్ళుగా సౌండ్ పని చేస్తున్నాను. మీ మామయ్య మిమ్మల్ని ఊరుకోమనడం సరైన పని.

ఆ కారిడార్ దృశ్యాన్ని కళ్ళు మూసుకుని వినండి. ముందు ఒక గదిలో టీవీ వాగుతూ ఉంటుంది, మనుషుల మాటలు వస్తాయి. మ్యాట్ గదిలోకి దూరాక కెమెరా నడవలోనే ఉండిపోతుంది, దెబ్బలు గోడ అవతలి నుంచి వినిపిస్తాయి. అంటే అక్కడ చూపున్న ప్రేక్షకుడికి కూడా కనిపించేది తలుపూ గోడా మాత్రమే. అతనూ చెవితోనే కథ అల్లుకోవాలి. మీ మామయ్య, మీరు ఆ కొద్ది క్షణాలు సరిసమానం. సరిగ్గా అక్కడే మీరు మాట్లాడారు.

మన యాక్షన్ సినిమాల్లో ప్రతి దెబ్బకూ ఒకే రకం పిడుగు వేస్తాం, దాని మీద ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) మోగిస్తాం. అలసట వినిపించడానికి చోటే ఉండదు. ఇక్కడ దెబ్బల మధ్య ఊపిరి వినిపిస్తుంది. పడిపోయినవాడు మళ్ళీ లేస్తాడు, అతనిదీ ఊపిరే. ఆ ఊపిరి పోనుపోను బరువెక్కుతుంది. పోరాటం కథంతా అందులోనే ఉంది.

చెవికి అందనివి మాత్రం రెండు మూడున్నాయి, వాటిని ముందే చెప్పేయండి: నడవ ఎంత ఇరుకు, దీపాల వెలుగు ఎలా జబ్బుగా పచ్చగా ఉంది, మ్యాట్ మధ్యలో గోడకు ఆనుకుని నిలబడతాడని. ఆ తర్వాత నోరు మూసుకోండి. చివర్లో పిల్లవాణ్ణి ఎత్తుకుని బయటికి నడిచేటప్పుడు ఒక్క వాక్యం చాలు.

టీవీ స్పీకర్లతో వింటున్నట్టయితే మామూలు హెడ్‌ఫోన్లు ఒకటి కొనివ్వండి. మొదటి ఎపిసోడ్‌లో మ్యాట్ క్లయింటు కారెన్ నిజం చెబుతోందో లేదో ఆమె గుండె చప్పుడుతో మ్యాట్ పోల్చుకునే చోట ఎంత తేడా ఉంటుందో ఆయనే చెబుతారు.

పాత కామిక్స్ పెట్టె:

పై ఇద్దరూ చెప్పాక నేను కలిపేది కొంచెమే. ఈ పాత్ర 1964లో కామిక్స్‌లో స్టాన్ లీ, బిల్ ఎవరెట్ చేతుల్లో పుట్టింది. అందరికీ తెలిసిన ఎర్ర దుస్తులు, కొమ్ములు ఈ మొదటి ఎపిసోడ్లలో లేవు. ఒంటికి నల్ల బట్టలు, తలకు నల్లగుడ్డ, అంతే. ఆ గుడ్డ కళ్ళను పూర్తిగా కప్పేస్తుంది, దానికి కంటి రంధ్రాలు ఉండవు. మామయ్యగారికి ఇది తప్పక చెప్పండి. ఎదుటివాళ్ళు ఎందుకంత బెదురుతారో అర్థమవుతుంది.

ఆ పొట్లాలు కట్టేవాళ్ళ సంగతి ముందు ముందు మళ్ళీ వస్తుంది. ఇప్పుడు చెప్పకపోతే అప్పుడు మొదటి నుంచి వివరించాల్సి వస్తుంది.

మేనల్లుడు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం. జరిగింది రాయాలనిపించింది.

ముందు మొదటి ఎపిసోడ్ చివరి దృశ్యాలు మళ్ళీ పెట్టి, "ఇక్కడ మీకొకటి చెప్పలేదు మామయ్యా" అని అంతా చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. కోప్పడితే గొంతు పెంచరు, పూర్వం క్లాసులో కాపీ కొట్టినవాడితో మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడతారు. "ఏది వినాలో నేను తేల్చుకుంటాను. నువ్వు చూసి చెప్పు, అంతవరకే" అన్నారు. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. ఎవరం ఏమీ చెప్పలేదు.

కాసేపటికి ఆయనే అడిగారు: "వాళ్ళ చేతులు ఎలా కదులుతున్నాయి? తూచి పోస్తున్నారా, చేతి అంచనాతోనా?" వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ చూశాను. ఆ దృశ్యాన్ని అంత శ్రద్ధగా నేనెప్పుడూ చూడలేదు. చూసినంత చెప్పాను. "అలవాటైన పని అన్నమాట" అని ఊరుకున్నారు. తర్వాత, "చూపు లేనివాళ్ళయితే సాక్ష్యం చెప్పలేరని పెట్టుకుని ఉంటుంది. మూర్ఖత్వం. నేను గొంతును బట్టి పోల్చుకోనా?" అన్నారు. ఆ కోపం నా మీద కాదు, ఆ ముసలావిడ మీద.

రెండో ఎపిసోడ్‌లో కారిడార్ దృశ్యం హెడ్‌ఫోన్లు పెట్టి మళ్ళీ విన్నారు. ముందే మూడు ముక్కలు చెప్పి నేను బాల్కనీలోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి వేళ్ళు ముడుస్తూ లెక్కపెడుతున్నారు, ఎంతమంది పడ్డారో, ఎంతమంది మళ్ళీ లేచారో. అప్పుడు తెలిసింది, ఆయనకు ఆ ఎపిసోడ్‌లో అన్నిటికన్నా పట్టింది పోరాటం కాదు. చిన్న మ్యాట్ తన బాక్సర్ తండ్రి ముఖం మీది గాయానికి కుట్లు వేసే ఘట్టం. "పిల్లవాడి చేత అలాంటి పని చేయించాల్సి వచ్చిందే" అని రెండుసార్లు అన్నారు. ఆరేళ్ళుగా రోజూ ఆయన కళ్ళల్లో చుక్కల మందు వేసేది మా మరదలే. మొదలుపెట్టినప్పుడు దానికి పదకొండేళ్ళు.

మొదటి ఎపిసోడ్‌లోని వాన పోరాటం మాత్రం అడిగి మరీ పెట్టించుకున్నారు. "వాన పడితేనే నాకు మన పెరడు కనిపిస్తుంది. అటు రేకుల షెడ్డు, ఇటు అరటాకులు, మధ్యలో నూతి పళ్ళెం. వాడికీ అంతే అయి ఉంటుంది" అన్నారు. ఆ ఇంటికి నా చిన్నప్పటి నుంచి వెళుతున్నాను. వానలో ఆ పెరడు ఎలా మోగుతుందో నాకు తెలియదు.

తర్వాత మూడో ఎపిసోడ్ పెట్టాం. అప్పటిదాకా ఫిస్క్ అనేవాడు ఫోనులో గొంతు మాత్రమే, అతని మనుషులు పేరు పలకడానికే భయపడతారు. చివర్లో ముఖం కనిపిస్తుంది. చిత్రాల గ్యాలరీలో తెల్లటి పెద్ద చిత్రం ముందు నిలబడి ఉంటాడు. అంతా తెలుపే, బొమ్మేమీ లేదు. నేను "తెల్లటి కాన్వాసు మామయ్యా, దానిమీద ఏమీ లేదు" అన్నాను. "ఏమీ లేకపోతే అంతసేపు ఎందుకు చూస్తున్నాడు? దగ్గరికెళ్ళి చూడు" అన్నారు. టీవీ దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. రంగును మందంగా పూసిన గీతలున్నాయి, తెలుపు మీద తెలుపు, గరుకుగా. అదే చెప్పాను. ఆ లోగా తెరమీద గ్యాలరీలో పనిచేసే ఆవిడ ఆ చిత్రం చూస్తే ఏమనిపిస్తోందని అడగడం, అతను ఒంటరిగా ఉన్నట్టు అనిపిస్తోందనడం జరిగిపోయాయి.

మామయ్య హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "గరుకుగా ఉందన్నావు కదా, వేలితో తడిమితే తెలిసేటంత గరుకా?" అని అడిగారు. అవునన్నాను. నాలుగో ఎపిసోడ్ వచ్చే ఆదివారం దాకా ఆగక్కర్లేదు, గురువారం సెలవేగా, రమ్మన్నారు.