టీఏపీవీసీ (పుట్టుకతో వచ్చే గుండె లోపం) ఆపరేషన్ అయిన బాబుకి మళ్లీ పల్మనరీ వీన్లు (ఊపిరితిత్తుల నుంచి గుండెకి రక్తం తెచ్చే నాళాలు) ఇరుకయ్యాయట, ఎవరికైనా ఇలా జరిగిందా?

గాజువాక అమ్మ:
బాబు పుట్టిన 20వ రోజున టీఏపీవీసీ ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఐదో నెల. మూడు నెలలు బాగానే ఉన్నాడు, ఆ తర్వాత పాలు తాగుతూ మధ్యలో వదిలేయడం, తలంతా చెమట, డొక్కలెగరేయడం మొదలయ్యాయి. దగ్గర్లో చూపిస్తే కఫం అన్నారు, నెబ్యులైజర్ పెడుతూ మూడు వారాలు గడిపేశాం. మొన్న ఎకోలో (గుండె స్కాన్) వీన్లు ఇరుకయ్యాయని తేలింది, సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) తీసి మళ్లీ ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. మా అత్తగారేమో బెలూన్‌తో పోదా, పసివాడి ఛాతీ మళ్లీ కోయడమెందుకు అని ఒకటే ఏడుపు. మొదటిసారి సరిగ్గా కుట్టలేదా? నేనేమైనా పొరపాటు చేశానా?

మధురవాడ నాన్న:
అమ్మా, ముందు ఆ ఆలోచన తీసెయ్యండి, మీ తప్పేమీ లేదు. ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తం తెచ్చే నాలుగు వీన్లు గుండె ఎడమవైపు కలవాల్సింది వేరే చోట కలిస్తే టీఏపీవీసీ అంటారు. వాటిని సరైన చోట కలిపి కుట్టాక బాగా కుట్టినా కొందరికి అక్కడ మచ్చ కణజాలం పెరిగి దారి మూసుకుపోతుంది. ఇలా 10 నుంచి 15 శాతం మందికి అవుతుందని, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే వస్తుందని మాకు డాక్టరు చెప్పారు. మా పాపకి నాలుగో నెలలో వచ్చింది. స్యూచర్‌లెస్, అంటే కుట్లు లేని పద్ధతిలో మళ్లీ ఆపరేషన్ చేశారు. పేరు అలా ఉన్నా కుట్లు ఉంటాయి, కాకపోతే వీన్ అంచు మీద వెయ్యరు. ఇరుకైన భాగాన్ని చీల్చి తెరిచి, గుండె గోడని చుట్టూ ఉన్న పొరకి కుడతారు. మొదటి ఆపరేషన్ వల్ల ఆ పొర అప్పటికే అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి రక్తం బయటికి కారదట. పాప ఇప్పుడు రెండో తరగతి, ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే ఇసుకలోంచి ఇంటికి రాదు.

ఎకో టెక్నీషియన్, పెందుర్తి:
బెలూన్ గురించి అత్తగారికి ఇలా చెప్పండి: అది దారిని సాగదీస్తుంది, మచ్చని తీసెయ్యదు, అందుకే చాలామందికి కొన్నాళ్లకే మళ్లీ మూసుకుపోతుంది. కొందరికి బెలూన్ అవసరమే, అది సర్జన్ చెప్పాలి. సీటీ మాత్రం వాయిదా వెయ్యకండి. నాలుగింటిలో ఎన్ని ఇరుకయ్యాయి, కుట్టిన చోటేనా, ఊపిరితిత్తి లోపలికి పాకిందా, ఈ మూడూ అడగండి. లోపలికి పాకితే బాగుచేయడం చాలా కష్టం. ఈలోపు పెదాలు నీలంగా మారితే, పాలు అస్సలు పట్టకపోతే అపాయింట్‌మెంట్ చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. ఖర్చు విషయంలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో అడ్మిషన్‌కి ముందే అడగండి, పాత ఆపరేషన్ కాగితాలన్నీ దగ్గర పెట్టుకోండి.

గాజువాక అమ్మ:
సీటీ అయింది. ఎడమవైపు రెండే, కుట్టిన చోటే. కుడివైపు బాగున్నాయి. మంగళవారం అడ్మిషన్. ఇవన్నీ అత్తగారికి చదివి వినిపించాను, అప్పన్నస్వామికి మొక్కుకుని ఆవిడే ముందు సంచి సర్దారు. అన్నా, ఐసీయూలో నా పాలు తీసుకుంటారా?

మధురవాడ నాన్న:
మాకు మూడో రోజు నుంచి ట్యూబ్‌లో పట్టారమ్మా. పాలు పిండి ఇవ్వడానికి డబ్బాలు వాళ్లే ఇస్తారేమో సిస్టర్‌ని ముందే అడగండి. ఆ రెండు రోజులూ పిండుతూనే ఉండండి, పాలు తగ్గిపోకుండా.