వినేవాళ్ళు సిద్ధపడి రావాలా? సెసిల్ టేలర్ పియానోపై చర్చ

పెరంబూరు శ్రోత:
గత ఆదివారం మా ఇంట్లో ఎనిమిది మంది మిత్రులకు అమెరికన్ జాజ్ పియానో వాద్యకారుడు సెసిల్ టేలర్ కచేరీ రికార్డు ఒకటి వినిపించాను. 1974లో స్విట్జర్లాండులోని మాంట్రూ ఉత్సవంలో ఆయన ఒంటరిగా వాయించినది, 'సైలెంట్ టంగ్స్'. ఇరవై నిమిషాలు గడిచేసరికి ఐదుగురు వంటింట్లో కాఫీ దగ్గర చేరారు. వెళ్ళేటప్పుడు ఒకాయన గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ "ఇది సంగీతం కాదండీ, మన మీద కోపం" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు.

తెలియని వారికోసం రెండు మాటలు. టేలర్ 1929లో న్యూయార్కులో పుట్టాడు. బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీలో చదివాడు. మొదటి రికార్డు 'జాజ్ అడ్వాన్స్' 1956లో చేశాడు. తరువాతి పదేళ్ళలో జాజ్‌కు ప్రాణమనుకునే నిలకడైన నడకను, స్వరాల పొందికలోని కట్టుబాట్లను దాదాపు పక్కన పెట్టేశాడు. కచేరీలు దొరకక హోటళ్ళలో గిన్నెలు కడిగిన రోజులున్నాయి. 2018లో కన్నుమూశాడు.

"నేను సిద్ధపడి వస్తున్నాను, వినేవాళ్ళూ సిద్ధపడి రావాలి" అన్నది టేలర్ పట్టు. కెన్ బర్న్స్ 2001లో తీసిన జాజ్ డాక్యుమెంటరీలో ఆ మాట వచ్చినప్పుడు శాక్సఫోన్ వాద్యకారుడు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ మండిపడ్డాడు. "నాకు బేస్‌బాల్ ఇష్టమే, అలాగని ఆట చూడబోయే ముందు నేనే మైదానంలో వంద బంతులు ఆపి రావాలా" అన్నది మార్సాలిస్ వాదన. నేను టేలర్ పక్షం. మీరేమంటారు?

వయొలిన్ పంతులమ్మ:
ఆ ఐదుగురిలో నేనూ ఉన్నాను కాబట్టి జవాబు చెప్పవలసినదాన్నే. మార్సాలిస్ అన్నదే సబబు. త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నాలూ కట్టారు, దివ్యనామ కీర్తనలూ కట్టారు. రాగం పేరు తెలియని ముసలమ్మ కూడా భజనలో ఆ రెండోవాటిని గొంతెత్తి పాడుతుంది. సిద్ధపడి రండి అని ఆయన ఎవరినీ గుమ్మంలో నిలబెట్టలేదు. వినేవాళ్ళను చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళడం కూడా విద్వత్తులో భాగమే. టేలర్‌కు 1991లో మెక్ఆర్థర్ గౌరవం, 2013లో 5 కోట్ల యెన్‌ల క్యోటో బహుమతి వచ్చాయని మీరే చెప్పారు. పండితులు మెచ్చుకున్నంత మాత్రాన నా చెవి ఒప్పుకోవాలని లేదు కదా.

చేపాక్ బెంచీ:
సంగీతం నాకు అంతంతమాత్రం. కానీ ఆట పోలిక తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. 1999 జనవరిలో చెన్నై చేపాక్ మైదానంలో జరిగిన క్రికెట్ టెస్టులో పాకిస్తాన్ మన మీద 12 పరుగుల తేడాతో గెలిచింది. సచిన్ వీరోచితంగా ఆడి అవుటయ్యాక మ్యాచ్ చేజారింది. గుండె పగిలిన జనం కొంతసేపటికి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, పాకిస్తాన్ జట్టు మైదానం చుట్టూ తిరిగి ఆ గౌరవం అందుకుంది. ఆ చప్పట్లు ఊరికే వచ్చాయా? గ్యాలరీలో ఎవరూ వంద బంతులు ఆపి రాలేదు, నిజమే. కానీ ఏళ్ళ తరబడి ఆట చూసి చూసి వాళ్ళ కళ్ళు తయారయ్యాయి. సిద్ధపడటమంటే అదేనని నా ఉద్దేశం. మార్సాలిస్ పోలిక ఆయనకే ఎదురు తిరుగుతుంది.

మృదంగం రేవతి:
చెన్నైలో డిసెంబరు కచేరీల మార్గళి సీజన్‌లో ఏ సభకైనా వెళ్ళి చూడండి. మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం మొదలు కాగానే కుర్చీలు కిర్రుమంటాయి, సగం హాలు క్యాంటీను దారి పడుతుంది. వేదిక మీద ముగింపుకు దారితీసే మోహరా కోసం లెక్క పెట్టుకుంటూ ఆ వీపులు చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాళ్ళంతా రాగాల పేర్లు చిన్న పుస్తకంలో రాసుకునే రసికులే. అంటే తయారీ ఉన్నా, అది ఒక వైపే.

టేలర్‌ను నేను మొదట మృదంగం చెవితోనే విన్నాను. ఆయన పియానో 88 శ్రుతి చేసిన డోళ్ళని ఫొటోగ్రాఫర్, రచయిత్రి వాల్ విల్మర్ అన్న మాట ప్రసిద్ధం. కింది స్థాయిలో ఎడమ చేయి ఒక చిన్న పలుకు వేస్తుంది, పై స్థాయిలో కుడి చేయి దానికి బదులిస్తుంది. ఆ పలుకే ఒక స్వరం కలుపుకుని మళ్ళీ వస్తుంది, తరువాత అరచేత్తో, మోచేత్తో కొట్టిన స్వరాల గుంపుగా విరుచుకుపడుతుంది. తనిలో ఒక ఫరన్, అంటే వేగంగా సాగే దెబ్బల వరుస, ఎలా పెరుగుతుందో అలాగే. కోపం కాదమ్మా అది, లెక్క.

వయొలిన్ పంతులమ్మ:
రేవతీ, తనికి నేను లేచిపోయే మనిషిని కాదు, నీకు తెలుసు. కానీ అక్కడ నా చేతిలో తాళం ఉంటుంది. నువ్వు ఎంత దూరం వెళ్ళినా నా చిటికెనవేలు సమం, అంటే తాళం మొదలయ్యే చోటు, ఎక్కడుందో చెబుతుంది. టేలర్ ఆ తాళమే తీసేశాడు. నేను దేన్ని పట్టుకుని కూర్చోవాలి? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా సిద్ధపడి రండి అనడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

పెరంబూరు శ్రోత:
అమ్మా, ఈ ప్రశ్న నిజమైన ప్రశ్న. ఆ సాయంత్రం నేను చేసిన తప్పు కూడా ఇక్కడే ఉంది. యాభై నిమిషాల పెను కచేరీతో మొదలుపెట్టాను. సంగీతం నేర్వడానికి వచ్చిన పిల్లకు మొదటి రోజే రాగం తానం పల్లవి వినిపించినట్టు.

పట్టుకోవడానికి ఒకటుంది, ఊపిరి. ఆయన పలుకులకు పొడవులు వేరైనా ప్రతిదానికీ ఎత్తుగడ, ముగింపు, తెరిపి ఉంటాయి. పద్యం చదివేవాడి విరామంలా. టేలర్ కవిత్వం కూడా రాసేవాడు, చాలా కచేరీల్లో కవిత చదువుతూ, అడుగులు వేస్తూ పియానో దగ్గరికి వచ్చేవాడు. తన బృందానికి కొత్త రచన నేర్పేటప్పుడు మామూలు స్వరలిపి పంచేవాడు కాదు. వాయించి వినిపించి, చెవితో పట్టించేవాడు. శాక్సఫోన్ వాయించిన జిమ్మీ లయన్స్ 1961 నుంచి 1986లో చనిపోయేదాకా అలా ఆయన పక్కనే ఉన్నాడు. ఇరవై ఐదేళ్ళు! గురువు ఇంట్లో ఉండి పాఠం పట్టడం మనకు కొత్త కాదు. శ్రోతను లెక్కచేయని మనిషి అయితే ఒక్కొక్క పలుకు కోసం అంత కాలం అంత శ్రద్ధ పెట్టడు.

మీరు ఒక పని చేయండి. ఆ కచేరీ చివర కొసరుగా వాయించిన రెండు చిన్న ముక్కలున్నాయి. ముందు అవే వినండి, కళ్ళు మూసుకుని, కాఫీ తాగేశాక.

చేపాక్ బెంచీ:
నేను కూడా వింటాను. నాకు సమం ఎక్కడుందో ఎలాగూ తెలియదు, బహుశా అదే నాకు సులువు.

వయొలిన్ పంతులమ్మ:
రాత్రి పిల్లలు వెళ్ళిపోయాక విన్నాను, మూడుసార్లు. మొదటిసారి తాళం కోసం వెతికాను, దొరకలేదు. రెండోసారి మీరన్న ఊపిరి కోసం చూశాను. మూడోసారి కింద వచ్చిన నాలుగు స్వరాలు పైన తిరగబడి వినిపించాయి. ఒళ్ళో ఉన్న వయొలిన్ మీద వాటిని పట్టుకోబోయాను, మూడు దొరికాయి. వినేవాళ్ళు సిద్ధపడి తీరాలన్న మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను. వినిపించేవాళ్ళకు కూడా బాధ్యత ఉంది, మీరు ఆ ఆదివారం దాన్ని మరిచిపోయారు. వచ్చే వారం మళ్ళీ పిలవండి, చిన్న ముక్కలతో మొదలుపెడదాం. ఆ నాలుగో స్వరం ఏదో రేవతి వచ్చి చెప్పాలి.