తాతయ్య మడత కత్తి: తుప్పు పోవాలి, బ్లేడు మీద రాత మాత్రం పోకూడదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా తాతయ్య తణుకులో క్షవరం చేసేవారు. మొన్న ఇల్లు దులుపుతుంటే అటక మీద ఆయన పొది దొరికింది. కత్తెరలు పూర్తిగా పాడయ్యాయి గానీ మడత కత్తి ఒకటి మిగిలింది. పిడి నల్లగా ఉంది. బ్లేడు మొదట్లో జోసెఫ్ రాడ్జర్స్, షెఫీల్డ్, ఇంగ్లండ్ అని లోతుగా గుద్ది ఉంది, పక్కనే నక్షత్రం, శిలువ గుర్తు. బ్లేడు మీద మాత్రం సన్నటి తీగలు, మధ్యలో ఏవో అక్షరాలు. ఎదురుగా చూస్తే కనబడవు, దీపం వెలుగు పక్కనుంచి పడితేనే తెలుస్తాయి. ఒక అక్షరంలో ఆవగింజంత బంగారు రంగు కూడా ఉంది. దాని చుట్టూ ఎర్ర తుప్పు. అన్నయ్య వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టమంటున్నాడు, మెకానిక్ షెడ్డులో వాటర్ పేపర్‌తో రుద్దమన్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. పదును రాకపోయినా పర్వాలేదు, ఆ రాత ఉండాలి.

జవాబు

రెండూ వద్దండి, దయచేసి. గుద్దిన పేరు లోతుగా ఉంటుంది కాబట్టి దానికేం కాదు. బ్లేడు మీది రాత అలా కాదు, చుట్టూ పూత పూసి అక్షరాల చోట మాత్రం యాసిడ్ తగలనిచ్చి చేసింది, గోటితో తడిమితే తెలిసీ తెలియనంత లోతు. వాటర్ పేపర్ అక్షరాన్ని చెరపదు, దాని చుట్టూ ఉన్న ఉక్కును అరగదీస్తుంది, ఆ ఉక్కు అక్షరం అడుగు దాకా దిగిందంటే ఇక రాత లేనట్టే. వెనిగర్ కూడా యాసిడే కదా, నున్నటి చోటునీ తినేస్తుంది.

కుట్టుమిషను నూనె రాసి ఒక రోజు వదిలేయండి. ముందుగా, పదునైన అంచు మీద టేపు అంటించండి, లేకపోతే వేళ్లు తెగుతాయి. మర్నాడు పాత నూలుగుడ్డతో, రాత పొడవునా, ఒత్తకుండా తుడవండి. గుడ్డకు ఎరుపు అంటినంతసేపే ఆ పని, అంటడం ఆగితే మీరూ ఆపేయండి. అక్షరాల సందుల్లో ఉన్నది వెదురు పుల్ల మొన నలిపి దాంతో తీయండి. రాత లేని చోట మొండి తుప్పు ఉంటే, నూనె మీదే కొత్త షేవింగ్ బ్లేడును దాదాపు పడుకోబెట్టి గీకవచ్చు. నల్ల మరకల జోలికి వెళ్లకండి, వాటివల్ల కత్తికి హాని లేదు. బంగారు రంగు ఉన్న చోట బ్రాసో లాంటి మెరుగు పాలిష్‌లు అస్సలు వాడకండి, ఆ పూత చాలా పల్చన.

ఇంకో జవాబు

పైన చెప్పినది అక్షరాలా నిజం. నా దగ్గర ఓడ బొమ్మ ఉన్న జర్మనీ కత్తి ఉండేది, సోలింగెన్‌ది. తొందరపడి ఒక పాలిష్ షాపులో ఇచ్చాను. పది నిమిషాల్లో అద్దంలా చేసి ఇచ్చారు, ఓడ లేదు. పైగా అంచు దగ్గర గోధుమ రంగు తిరిగింది, అంటే చక్రం వేడికి ఉక్కు మెత్తబడిందన్నమాట, తర్వాత ఎన్నిసార్లు నూరినా పదును నిలవలేదు. ఇప్పటికీ బాధే.

మరో జవాబు

పిడి సంగతి చూశారా? బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్. అది పాతబడితే యాసిడ్ ఆవిరి వదులుతుంది, బ్లేడు ముడిచి పెట్టిన మేరకే తుప్పు పడుతుంది. నిప్పు దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు, భగ్గున అంటుకుంటుంది. ఏ వాసనా లేకపోతే కొమ్ము కావచ్చు, దాన్ని నీళ్లలో నానబెట్టకూడదు. ఇంగ్లండ్ అని ఉందంటే చాలావరకు 1891 తర్వాతిదే. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని 1890లో అమెరికా సుంకాల చట్టం తెచ్చాక అలా గుద్దడం మామూలైంది.

అడిగినవారు

కర్పూరం వాసన లేదు. మూడు రోజులు నూనె, గుడ్డతోనే కూర్చున్నా. తీగ చివర చిన్న ఆకు బయటపడింది, అక్కడ ఆకు ఉందని కూడా నాకు తెలియదు! ఇప్పుడు సాన పట్టిస్తే రాత అరుగుతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

అరగదు. బ్లేడు బుగ్గలు, అంటే రెండు పక్కలూ, లోపలికి గుంటగా ఉంటాయి కాబట్టి కత్తిని సాన మీద పూర్తిగా పడుకోబెట్టినా వీపూ అంచూ మాత్రమే రాయికి తగులుతాయి. వీపు మీద కూడా నగిషీ ఉంటే అక్కడ ఒక వరస ఎలక్ట్రికల్ టేపు వేయండి. అంచు విరగకపోతే 1000 నంబరు రాయి అక్కర్లేదు (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన), 5000తో మొదలుపెట్టి 8000, ఆ తర్వాత తోలుపట్టా. తోలు మీద వీపు ముందు, అంచు వెనక నడవాలి. పనయ్యాక కొంచెం నూనె రాసి నూలుగుడ్డలో చుట్టండి, తోలు సంచిలో పెట్టొద్దు, చెమ్మ పట్టేస్తుంది. ఆ ఆకు ఫొటో పెట్టండి, పక్కనుంచి వెలుగు పడేలా.